ముందుగదిలో బడి పెట్టిన మనిషి
(రిచర్డ్ బాలంటైన్ జీవితం మీద గ్రంథాలయ నెలవారీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పోయిన నెల ఇదే హాల్లో పాత మద్రాసు గురించి మాట్లాడుకున్నాం. అంతా అయ్యాక వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "మాస్టారూ, ఆ రోజుల్లో అమెరికా నుంచి మార్మన్లు కూడా మద్రాసు వచ్చారట కదా, నిజమేనా?" అని అడిగారు. నిజమేనండీ, వివరంగా వచ్చే నెల చెబుతానన్నాను. మాట ఇచ్చాను కాబట్టి ఈ నెల రోజులూ దాని మీదే కూర్చున్నాను. కూర్చున్నకొద్దీ ఆ వచ్చినవాళ్లలో ఒకాయన నన్ను బాగా పట్టుకున్నాడు. పేరు రిచర్డ్ బాలంటైన్. నేను ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆయన మీద నాకు అంత ఇష్టం ఎందుకు కలిగిందో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మొదట రెండు ముక్కలు మార్మన్ల గురించి. 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు ఒక సంఘం పెట్టాడు. దేవదూత చూపించిన బంగారు రేకుల మీద ఉన్న గ్రంథాన్ని తర్జుమా చేశానని చెప్పి 'మార్మన్ గ్రంథం' అచ్చు వేయించాడు. సంఘం పేరు 'కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం'. మార్మన్లు అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు. వాళ్లు ఏ ఊళ్లో స్థిరపడినా చుట్టుపక్కలవాళ్లతో తగాదాలు వచ్చేవి. ఇళ్లు తగలబెట్టారు, తరిమేశారు. చివరికి 1844లో ఇల్లినాయ్‌లోని కార్తేజ్ జైల్లో జోసెఫ్ స్మిత్‌ను గుంపు కాల్చి చంపింది. అప్పుడు బ్రిగమ్ యంగ్ అనే నాయకుడు వాళ్లను పడమటి ఎడారి వైపు, సాల్ట్ లేక్ లోయకు తీసుకెళ్లాడు. మొదటి బండ్లు ఆ లోయలోకి దిగింది 1847 జులైలో. ఆ తొలి ఏళ్లలో బండ్ల మీద వెళ్లినవాళ్లను అక్కడ 'పయనీర్లు' అంటారు. మన బాలంటైన్ వాళ్లలో ఒకడు.

ఆయనది అమెరికా కాదు, స్కాట్లండ్. 1817 ఆగస్టు 26న దక్షిణాన రాక్స్‌బరోషైర్ అనే జిల్లాలో పల్లెటూరి కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే బేకరీ పనికి కుదిరాడు. తెల్లవారుజామున లేచి పిండి పిసికి, పొయ్యి ముందు నిలబడి రొట్టెలు కాల్చే పని. ఇంట్లో ప్రెస్బిటేరియన్ అనే క్రైస్తవ శాఖ భక్తి. ఆదివారం చర్చిలో పిల్లలకు సండే స్కూల్ చెప్పేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

సండే స్కూల్ అంటే మన కోస్తా జిల్లాల్లో తెలియనివాళ్లుండరు. దాని పుట్టుక మాత్రం చాలామందికి తెలియదు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్నంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. వారంలో ఆరు రోజులు కార్ఖానాల్లో చాకిరీ చేసే పేద పిల్లలకు ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఒక్కరోజైనా వాళ్లకు చదవడం నేర్పాలని పెట్టిన బడి అది. బైబిలు అందులో పాఠ్యపుస్తకం. అంటే సండే స్కూల్ మొదలైంది పనిపిల్లల కోసం. పనిలోనే పెరిగిన బాలంటైన్‌కు ఆ బడి మీద మమకారం ఉండటంలో వింత లేదు.

1842 డిసెంబరులో, పాతికేళ్ల వయసులో, ఎడింబరో దగ్గర ఆయన మార్మన్ బాప్తిస్మం తీసుకున్నాడు. డిసెంబరులో స్కాట్లండ్ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో ఊహించుకోండి. మరుసటి ఏడాదే తల్లినీ, అక్కచెల్లెళ్లనూ, తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని ఓడెక్కి, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న మార్మన్ల పట్నం నావూకు చేరాడు. ఆయన అక్క జేన్‌ను జాన్ టేలర్‌కు ఇచ్చారు. ఈ టేలర్ తర్వాత సంఘానికి మూడో అధ్యక్షుడయ్యాడు. జోసెఫ్ స్మిత్‌ను చంపిన రోజు అదే జైలు గదిలో తూటా దెబ్బలు తిని బతికి బయటపడ్డ మనిషి కూడా ఆయనే.

నావూలో వాళ్ల బతుకు ఎలా ఉండేదో ఒక్క సంఘటన చెబుతాను. 1846 నాటికి ఊరు దాదాపు ఖాళీ అయిపోయింది. చేల్లో గోధుమ మాత్రం పండి నిలబడి ఉంది. ఆకలితో ఉన్నవాళ్లకు పంట వదిలేసి పోవడానికి మనసొప్పుతుందా? జులైలో కోత కోయడానికి వెళ్లినవాళ్ల మీద గుంపు పడింది. బాలంటైన్‌తో సహా అయిదుగుర్ని ఎత్తుకుపోయి, దాదాపు రెండు వారాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిప్పారు. ఈపూట చంపుతారో రేపు చంపుతారో తెలియదు. ఎలాగో ప్రాణాలతో బయటపడ్డారు. చేతికొచ్చిన పంట దగ్గర మనిషి ప్రాణం మీదికి రావడమంటే ఏమిటో మన పల్లెల్లో పెరిగినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

1847 ఫిబ్రవరిలో, మిజోరీ నది ఒడ్డున వాళ్లు చలికాలం తలదాచుకున్న గుడిసెల ఊళ్లో, హుల్డా క్లార్క్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. 1848లో బ్రిగమ్ యంగ్ జట్టుతోనే ఎద్దుబండి మీద సాల్ట్ లేక్ లోయ చేరాడు.

ఇప్పుడు నాకు ఇష్టమైన ఘట్టం. కాస్త తీరిగ్గా చెప్పనివ్వండి.

లోయలో ఏముంది? ఉప్పు సరస్సు, ఎండిన నేల, కొండల మీంచి దిగే వాగులు. ఎవరి పొలం వాళ్లు సాగుకు తెచ్చుకోవాలి, ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకోవాలి. పెద్దవాళ్లకు ఊపిరి సలపని పని. పిల్లలు? ఆదివారం ప్రార్థన పెద్దవాళ్లకే కానీ పిల్లలను పట్టించుకునేవాళ్లు లేరు. వాళ్లు వీధుల్లో, వాగుల వెంట అల్లరిచిల్లరగా తిరుగుతున్నారు. బాలంటైన్ ఇది చూశాడు. ఈ పిల్లలకు బడి పెడతానని తన వార్డు బిషప్‌ను అడిగాడు. వార్డు అంటే వాళ్ల లెక్కలో ఒక పేట, బిషప్ అంటే ఆ పేట పెద్ద. ఆయన సరేనన్నాడు. అయితే బడి ఎక్కడ పెట్టాలి? గది లేదు.

అందుకని బాలంటైన్ తన ఇంటినే ఆ లెక్కన కట్టాడు. పునాదికి కొండ లోయలోంచి రాళ్లు తెచ్చుకున్నాడు. గోడలకు ఎండబెట్టిన మట్టి ఇటుకలు. వాటిని అక్కడ అడోబీ అంటారు, మన పచ్చి ఇటుకలే అనుకోండి. ముందుగది ఇరవై అడుగుల పొడుగు, పద్దెనిమిది అడుగుల వెడల్పు. దుంగలు చీల్చి బల్లలు చేశాడు. తన సంసారానికే ఇంకా సరైన నీడ లేని రోజుల్లో, కొత్త ఇంట్లో పెద్ద గదిని ఊళ్లో పిల్లల కోసం వదిలిపెట్టాడు. మనం ఇల్లు కట్టుకునేటప్పుడు ముందుగది ఎవరి కోసం కడతాం? చుట్టాలొస్తే కూర్చోబెట్టడానికి. ఆయన చుట్టాలు పేటలోని పిల్లలు.

1849 డిసెంబరు 9, ఆదివారం, పొద్దున ఎనిమిది గంటలు. బయట చలి, లోపల పొయ్యిలో మంట. పిల్లలు ఒక్కొక్కళ్లే వచ్చి బల్లల మీద కూర్చున్నారు. ముప్ఫై మంది దాకా వచ్చారంటారు. ఎనిమిదేళ్ల పిల్లల దగ్గర్నుంచి పద్నాలుగేళ్లవాళ్ల దాకా ఆ గదిలోనే. ప్రార్థన, పాట, పాఠం. ఆ లోయలో అదే మొదటి సండే స్కూల్. ఏడాది తిరక్కుండానే పిల్లల సంఖ్య పెరిగి, బడి ప్రార్థనా మందిరంలోకి మారింది. తర్వాత వేరే పేటల్లో ఇలాంటివే మొదలయ్యాయి. 1860ల చివరికి అన్నిటికీ కలిపి ఒక సంస్థ ఏర్పడింది. ఈరోజు ఆ సంఘం ప్రపంచంలో ఎక్కడున్నా ఆదివారం పిల్లలకూ పెద్దలకూ క్లాసు ఉంటుంది. ఆ క్లాసులన్నీ ఆ ఇరవై అడుగుల గదిలోంచి వచ్చినవే. పై నుంచి ఆదేశం రాలేదు, నిధులూ రాలేదు. ఒక రొట్టెల పనివాడికి పిల్లల మీద బెంగ కలిగింది, అంతే.

ఇక మద్రాసు.

1852 ఆగస్టు చివర్లో సాల్ట్ లేక్ సిటీలో ప్రత్యేక మహాసభ జరిగింది. ఒక రోజు, వంద మందికి పైగా పురుషుల పేర్లు చదివి ప్రపంచం నలుమూలలకూ మత ప్రచారానికి వెళ్లమన్నారు. హిందుస్థాన్‌కు తొమ్మిది మంది, సయాంకు, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌కు, నలుగురు. హిందుస్థాన్ జాబితాలో బాలంటైన్ పేరు ఉంది. భార్యా చంటిబిడ్డలను వదిలి, జేబులో డబ్బు లేకుండా వెళ్లాలి. వాళ్లకు జీతం లేదు. దారిలో ఎవరు పెడితే అది తినాలి, ఎవరు ఉంచుకుంటే అక్కడ ఉండాలి. అదే మహాసభలో మరుసటి రోజు ఇంకొకటి జరిగింది. మార్మన్లలో కొందరు ఒకరికన్నా ఎక్కువ మంది భార్యలను చేసుకుంటున్నారన్న మాట అంతవరకూ గుసగుసల్లోనే ఉండేది. ఆ రోజు వేదిక మీంచి అవును, ఇది మా సిద్ధాంతమే అని బహిరంగంగా ప్రకటించారు. నా ఉద్దేశంలో ఈ పదమూడు మంది ప్రయాణం సగం అక్కడే దెబ్బతింది. వాళ్లు ఓడ దిగేలోపే ఆ వార్త ఇంగ్లీషు పత్రికల్లో వాళ్లకన్నా ముందు రేవు చేరింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1853 జనవరి 29న ఓడెక్కారు. ఆ ఓడ పేరు 'మాన్‌సూన్'. మూడు నెలలకు నాలుగు రోజులు తక్కువగా సముద్రం మీద ఉండి ఏప్రిల్ చివర్లో కలకత్తాలో దిగారు. అక్కడ పంచుకున్నారు, నువ్వు ఇటు, నేను అటు అని. బాలంటైన్, రాబర్ట్ స్కెల్టన్, రాబర్ట్ ఓవెన్స్ మద్రాసుకు వచ్చారు. అది జులై నెల.

అప్పటికి మద్రాసుకు హార్బరు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసేవి. అక్కడి నుంచి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకు చేర్చేది మసూలా పడవలు. మీలో చాలామంది పాత బొమ్మల్లో చూసే ఉంటారు. ఆ పడవకు ఒక్క మేకు ఉండదు. పలకలకు చిల్లులు పెట్టి కొబ్బరి పీచు తాడుతో కుట్టేస్తారు. ఎందుకంటే అలలు విరుచుకుపడే చోట మేకులు కొట్టిన గట్టి పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి సాగి ఒడ్డు చేరుతుంది. అల వచ్చినప్పుడల్లా మనవాళ్లు పాట ఎత్తుకుని తెడ్లు వేసేవారు. ఎటూ కాని దేశం నుంచి వచ్చిన ఈ ముగ్గురు, ఇక్కడ కాలు పెట్టిన ఏ దొరైనా వచ్చినట్టే, ఆ పడవలోంచే తడిసి మద్రాసు ఇసుకలోకి దిగి ఉంటారు.

దిగి ఏం చేశారు? ఇల్లు అద్దెకు తీసుకుని సభలు పెట్టారు. కరపత్రాలు వేశారు. పాదిరీలు వీళ్ల మీద రాస్తే బాలంటైన్ జవాబుగా చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. బహు భార్యల సంగతి మీద సంభాషణ రూపంలో ఒక కరపత్రం రాశాడు. 1854లో ఏకంగా ఒక మాసపత్రికే మొదలుపెట్టాడు. ఏడాది పాటు ఇంత పని చేసినా చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఎందుకు? అందరూ చెప్పే కారణాలు ఎండ, జబ్బు, పత్రికల వ్యతిరేకత, పాదిరీల వ్యతిరేకత, బహుభార్యత్వం. అన్నీ నిజమే. నాకు మాత్రం అన్నిటికన్నా పెద్ద కారణం ఒకటి కనిపిస్తోంది. ఆయన రాసిందంతా ఇంగ్లీషులోనే, మాట్లాడిందంతా ఇంగ్లీషులోనే. విన్నవాళ్లు కంపెనీ సిపాయి దొరలు, గుమాస్తాలు, వాళ్ల కుటుంబాలు. సిపాయి ఈరోజు ఇక్కడుంటాడు, రేపు బర్మా పోతాడు. పక్క వీధిలో తమిళమూ తెలుగూ మాట్లాడుకునే లక్షల మందికి ఈ ముగ్గురు వచ్చిన సంగతే తెలియదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే ఊళ్లో, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన తెలుగు నిఘంటువును అచ్చు వేయిస్తున్నాడు. 1852లో మొదలై 1854 దాకా ఆ సంపుటాలు వచ్చాయి. ఇద్దరూ ఒకే ఊళ్లో ఒకే గాలి పీల్చారు! ఒకాయన ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగుతో కాపురం చేశాడు, ఇంకొకాయనకు ఏడాది కూడా నిండీ నిండకుండానే సమయం అయిపోయింది.

ఇంకొంచెం ఉత్తరానికి రండి. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు 1840 నుంచీ ఉన్నారు. వాళ్లకూ ఫలితం రాలేదు. 1853లో అమెరికాలోని వాళ్ల పెద్దలు ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని చర్చించారు. మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు క్రైస్తవులతో ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ కొండ ఇప్పటికీ ఉంది, ఒంగోలువాళ్లను అడగండి. ఆ తర్వాత జాన్ క్లౌ వచ్చాడు, తెలుగు నేర్చుకున్నాడు, ఊళ్లు తిరిగాడు. 1876 నుంచి 78 దాకా కరువు వస్తే బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలీ ఇప్పించాడు. 1878 జులైలో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎవరి నమ్మకం గొప్పదని నేను ఇక్కడ తూచడం లేదు. భాష నేర్చి, ఉండిపోయి, కష్టంలో పక్కన నిలబడ్డవాడికీ, ఏడాదికి వచ్చి పరాయి భాషలో మాట్లాడి వెళ్లినవాడికీ తేడా చూడమంటున్నాను. సాల్ట్ లేక్‌లో పిల్లల కోసం ఇల్లు కట్టిన మనిషికి ఇది తెలియనిది కాదు. మద్రాసులో ఆయనకు ఇల్లు కట్టే వ్యవధి దొరకలేదు.

1854 జులైలో, ఆరోగ్యం చెడి, బాలంటైన్ ఇంగ్లండు ఓడెక్కాడు. స్కెల్టన్ ఇంకో రెండేళ్లు ఉన్నాడు. 1856కల్లా అందరూ వెళ్లిపోయారు, ఆ మిషన్ మూతపడింది.

ఇంటికి వెళ్లే దారిలో కూడా ఆయనకు ఖాళీ లేదు. లివర్‌పూల్‌లో అమెరికాకు వలసపోయే మార్మన్ కుటుంబాలు కాచుకుని ఉన్నాయి. 1855 జనవరిలో 'చార్లెస్ బక్' అనే ఓడలో దాదాపు నాలుగు వందల మందిని తీసుకుని బయలుదేరి న్యూ ఆర్లీన్స్ చేరాడు. అక్కడి నుంచి నది మీద పడవల్లో, ఆ తర్వాత మైదానాల మీద బండ్లలో. ఆ ఏడాది సెప్టెంబరు 25న ఆయన నడిపించిన బండ్ల వరస సాల్ట్ లేక్ సిటీలో ప్రవేశించింది. ఇల్లు విడిచి మూడేళ్లు. వెళ్లేటప్పుడు పడమటి దారిన వెళ్లాడు, వచ్చేటప్పుడు తూర్పు దారిన వచ్చాడు. అంటే భూమిని ఒక చుట్టు చుట్టి వచ్చాడు. గడపలో నిలబడ్డ పిల్లలు తండ్రిని గుర్తుపట్టారో లేదో!

ఆ తర్వాత ఆయన ఇంకో ఇద్దరిని పెళ్లాడాడు. దీన్ని దాటేసి మాట్లాడటం నాకిష్టం లేదు. ఆయన నమ్మిన సిద్ధాంతం అది, మద్రాసులో ఏ కరపత్రంలో సమర్థించాడో దాన్నే ఇంట్లోనూ పాటించాడు. ఆ ముగ్గురు ఆడవాళ్లూ ఏమనుకున్నారో వాళ్ల మాటల్లో వినాలని నాకు ఎంతో ఉంది. పిల్లల బెంగ పడ్డ మనిషి గురించి చెప్పేటప్పుడు ఆ పిల్లల్ని కని పెంచి, ఆయన మూడేళ్లు సముద్రాల మీదుంటే సంసారం ఈదిన హుల్డాను మరిచిపోకూడదు.

తర్వాతి జీవితం ఎక్కువగా ఆగ్డెన్‌లో. సాల్ట్ లేక్ సిటీకి ఉత్తరాన, వీబర్, ఆగ్డెన్ అనే రెండు నదులు కలిసే చోటి ఊరు. వ్యాపారం చేశాడు, వ్యవసాయం చేశాడు, కొంతకాలం 'ఆగ్డెన్ జంక్షన్' అనే పత్రిక నడిపాడు. జంక్షన్ అన్న పేరు ఊరికే రాలేదు. 1869 మే 10న తూర్పు నుంచి వచ్చిన రైలు పట్టాలూ, పడమటి నుంచి వచ్చినవీ ఆ ప్రాంతంలోనే కలిశాయి. అమెరికా ఖండం దాటే మొదటి రైలు మార్గం అది. ఎద్దుబండి మీద నెలల తరబడి వచ్చిన మనిషి కళ్ల ముందే అదే దారి రోజుల ప్రయాణమైపోయింది.

ఆగ్డెన్ పురపాలనలో సభ్యుడిగా, వీబర్ కౌంటీ పాలక సభలో ఏళ్ల తరబడి పనిచేశాడు. కౌంటీ అంటే జిల్లా పరిషత్తు లాంటిదనుకుంటే దగ్గరగా ఉంటుంది. వాళ్ల చేతిలో రోడ్లు, వంతెనలు, బీదలకు సాయం ఉండేవి. అంతకన్నా ముఖ్యంగా 1852లో చేసిన చట్టం ప్రకారం వాగు నీళ్లూ అడవి కలపా ఎవరికి ఎంత అన్నది కౌంటీయే తేల్చాలి. ఆ ఎడారిలో నీళ్లే ఆస్తి. ఏ వాగులోంచి ఎవరి కాలువకు ఎన్ని నీళ్లు, మిల్లు పెట్టుకోవడానికి ఎవరికి అనుమతి. మన ఊళ్లలో చెరువు తూము దగ్గర పంచాయితీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఎకరం ఎండుతున్నవాడు తగ్గడు. ఈ తగాదాలు తీర్చడం పేరు తెచ్చే పని కాదు, ఏళ్ల తరబడి ఓపిగ్గా కూర్చునే పని.

పైన రాజకీయం వేడెక్కుతూనే ఉంది. 1882లో అమెరికా పార్లమెంటు చేసిన ఎడ్మండ్స్ చట్టం బహుభార్యత్వం ఉన్నవాళ్లకు ఓటు, పదవి రెండూ తీసేసింది. 1889లో ఆగ్డెన్ మునిసిపల్ ఎన్నికల్లో మార్మన్లు కానివాళ్లు గెలిచారు. 1890లో సంఘమే కొత్త బహు వివాహాలు ఆపుతున్నట్టు ప్రకటించింది. 1896లో యూటా రాష్ట్రమైంది. ఇవన్నీ ఆయన చూశాడు. ఇంత గొడవలోనూ ఒక పని మాత్రం వదల్లేదు. వీబర్ కౌంటీ సండే స్కూళ్ల బాధ్యత ఏళ్ల తరబడి ఆయన మీదే ఉంది. ఆదివారం బండి కట్టుకుని ఊరూరూ తిరిగి ఏ బడిలో పిల్లలు ఎలా ఉన్నారో చూసొచ్చేవాడు.

1898 నవంబరు 8న ఆగ్డెన్‌లో చనిపోయాడు. ఎనభై ఒక్కేళ్లు. ముందుగదిలో పెట్టిన బడికి యాభై ఏళ్లు నిండటానికి ఇంకో ఏడాది ఉంది.

పెద్దాయన ప్రశ్నకు మిగిలిన సగం జవాబు కూడా చెప్పి ముగిస్తాను. మద్రాసు మిషన్ మూతపడ్డ నూట ఇరవై ఏళ్ల తర్వాత, 1978 డిసెంబరులో, సమోవా దీవుల్లో ఉంటూ ఆ సంఘంలో చేరిన హైదరాబాదీ దంపతులు సెలవుల మీద ఇంటికొచ్చారు. దొరలు కాదు, కరపత్రాలు లేవు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు, మాట్లాడింది తెలుగులో. ఇరవై రెండు మంది బంధువులు బాప్తిస్మం తీసుకున్నారు. మార్మన్ గ్రంథాన్ని తెలుగులోకి మార్చడానికి కూర్చున్నది ఆ కుటుంబంలోని ఒక పెద్దాయన, ఆయనేమో బాప్టిస్ట్ పాస్టరు. 1982లో అందులోంచి ఎంపిక చేసిన భాగాలు తెలుగులో అచ్చయ్యాయి. 2012లో ఇండియా మొత్తంలో ఆ సంఘపు మొదటి స్టేక్, అంటే వాళ్ల లెక్కలో చాలా పేటలు కలిసిన పెద్ద విభాగం, ఏర్పడింది హైదరాబాద్‌లోనే.

ఇంకా అరగంట టైముంది. అడగండి, తెలిసినంత చెబుతాను.